మేక బొమ్మ నుంచి మేక మాట దాకా: ఒకటో తరగతి పాప రాతపై ఒక కేస్ స్టడీ

ఈ పాప జూన్‌లో మా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతిలో చేరింది. అప్పటికి 5 ఏళ్లు నిండి కొన్ని నెలలైంది. ఊరు పాలమూరు వైపు. అమ్మానాన్నలు హైదరాబాద్‌లో కట్టడం పనిలో ఉంటారు. పాప నాయినమ్మ దగ్గర పెరుగుతోంది. ఇంట్లో మేకలున్నాయి. అంతకుముందు ఏడాది ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ చదివింది. పేరు, ఊరు ఇక్కడ ఇవ్వడం లేదు, పాప అనే రాస్తాను.

చేరిన మొదటి వారంలోనే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. చుక్కలు పెట్టిన అక్షరం ఇస్తే పాప ఎక్కడా తప్పకుండా దిద్దుతుంది. తెల్ల కాగితం ఇస్తే పెన్సిల్ కింద పెట్టేసి "నాకు రాదు మేడం" అంటుంది. ఎల్‌కేజీ నోటుబుక్కు తెప్పించి చూశాను. అ నుంచి ఔ దాకా పేజీల కొద్దీ దిద్ది ఉంది. అందులో తను దిద్దిన "ఈ" మీద వేలు పెట్టి ఇదేంటని అడిగితే చెప్పలేకపోయింది. అంటే ఏడాదంతా చేయి చుక్కల వెంట నడిచింది, అక్షరం మాత్రం మనసులో పడలేదు.

ఇలాంటి పిల్లలు నాకు కొత్త కాదు. ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఈ పాప గురించే వివరంగా రాయడానికి కారణం, తన బొమ్మలు, రాతలు అన్నీ తేదీలు వేసి ఒక ఫైల్‌లో దాచాను. బొమ్మ ఎక్కడ రాతగా మారిందో ఆ కాగితాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట ఏం చూశాను

రాత రాకపోవడానికి కారణం కళ్లలో ఉందా, చేతిలో ఉందా, భయంలో ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం టీమ్ బడికి వచ్చినప్పుడు కళ్లు, చెవులు చూపించాను. ఏ లోపమూ లేదన్నారు. మాట బాగానే ఉంది. మేకల సంగతి ఎత్తితే ఆపకుండా చెబుతుంది.

తర్వాత చేతిని గమనించాను. పెన్సిల్‌ను నాలుగు వేళ్లతో బిగించి, బొటనవేలిని వాటి మీదుగా అడ్డంగా వేసి పట్టుకుంటుంది. గోళ్ల కొసలు తెల్లబడేంత బిగింపు. కాగితం తిరగేసి వెనకవైపు వేలితో తడిమితే అక్షరాలు చేతికి తగులుతున్నాయి, అంత గట్టిగా నొక్కుతోంది. ఎడమ చేయి ఒళ్లోనే ఉంటుంది, కాగితాన్ని పట్టుకోదు. అందుకే కాగితం జరుగుతుంది, అది జరిగేకొద్దీ పాప ఇంకా గట్టిగా నొక్కుతుంది.

ఇక్కడ పెద్దలు తరచూ మరిచిపోయే సంగతి ఒకటుంది. మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. ఐదేళ్ల వయసుకు అవన్నీ ఇంకా పూర్తిగా గట్టిపడవు. మూడువేళ్ల పట్టు సుమారు మూడున్నర, నాలుగేళ్లకు మొదలైనా, చేయి కదలకుండా వేళ్లు మాత్రమే కదిలి రాసే స్థాయికి రావడానికి చాలామందికి 5 నుంచి 6 ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా పిల్లలు భుజంతో, మోచేతితో రాస్తారు. అలాంటి చేతికి నాలుగు గీతల కాపీ పుస్తకం ఇచ్చి లైను దాటొద్దంటే, అది చేతికి తలకు మించిన పని.

మూడోది ఆకారాలు. నేను గీసింది చూసి గీయమన్నాను. నిలువు గీత, అడ్డు గీత, వృత్తం బాగానే వచ్చాయి. ప్లస్ గుర్తులో గీతలు కలిశాయి కానీ ఒకటి వాలిపోయింది. చతురస్రం మూలలు గుండ్రంగా తిరిగాయి. త్రిభుజం రాలేదు. పిల్లలు సాధారణంగా మూడేళ్లకు వృత్తం, నాలుగేళ్లకు ప్లస్, ఐదేళ్లకు కాస్త అటూఇటూగా చతురస్రం, త్రిభుజం గీస్తారు. ఆ లెక్కన పాప కొంచెం వెనకబడింది, ఆందోళన పడేంత కాదు. అయితే ఈ పరీక్ష ఇంగ్లిష్ అక్షరాల కోసం పుట్టినట్టు ఉంటుంది. మన తెలుగు అక్షరంలో మూలలు తక్కువ, వంపులు ఎక్కువ. అందుకే నేను ఇంకో నాలుగు కలిపాను: పైకి తెరుచుకున్న వంపు, కిందికి తెరుచుకున్న వంపు, లోపలి నుంచి బయటికి తిరిగే సుడి, ఆపకుండా వరసగా వేసే అలలు. పాప వంపులు గీసింది. సుడి సగంలో ఆగింది. అలల దగ్గర ప్రతి అలకూ పెన్సిల్ ఎత్తి మళ్లీ పెట్టింది. తెలుగు రాతకు అసలు అడ్డంకి ఇక్కడుందని నాకు అర్థమైంది. చేయి ఆగకుండా తిరగడం తెలియడం లేదు.

చివరిగా ఏ షరతూ లేకుండా ఒక క్రేయాన్ ఇచ్చి, నీకు నచ్చింది గీయమన్నాను. చాలాసేపు నా మొహమే చూసింది. తర్వాత ఒక పెద్ద గుండ్రం, దాని కింద వరసగా చాలా కాళ్లు, పైన రెండు కొమ్ములు గీసింది. "మేక" అంది. నాకు రాదు అన్న మాట ఆ రోజు మళ్లీ వినిపించలేదు.

రెండు దారులు, రెండు వేళలు

నేను తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇది: బొమ్మ గీసి చెప్పే వేళ, చేతిరాత నేర్చుకునే వేళ పూర్తిగా వేరు. మొదటిదాంట్లో అక్షరం ఆకారం గురించి ఒక్క మాట అనను. రెండోదాంట్లో ఆకారం తప్ప ఇంకేమీ చూడను. చాలాచోట్ల ఈ రెండూ కలిసిపోతాయి. పిల్ల తన మనసులో మాట రాయబోతుంటే టీచర్ "తలకట్టు ఏదీ?" అంటుంది. అంతటితో ఆ మాట ఆగిపోతుంది.

బొమ్మల వేళ పొద్దున ప్రార్థన అయిన వెంటనే. ఒక తెల్ల కాగితం, క్రేయాన్లు. నిన్న ఇంట్లో, దారిలో, పొలంలో ఏం చూశారో గీయాలి. గీశాక ఒక్కొక్కరి దగ్గర కూర్చుని "దీని గురించి చెప్పు" అంటాను. ఇదేంటి అని అడగను. ఆ ప్రశ్నకు పిల్లలు ఒక్క మాటతో జవాబిచ్చి ఊరుకుంటారు. చెప్పు అంటే కథ వస్తుంది. వాళ్లు చెప్పిన దాంట్లోంచి ఒక వాక్యాన్ని వాళ్ల కళ్లముందే బొమ్మ కింద రాస్తాను, రాస్తున్నంతసేపూ నెమ్మదిగా పలుకుతాను. తర్వాత వేలు పెట్టి ఇద్దరం కలిసి చదువుతాం.

ఏ మాట చెబితే ఆ మాటే రాస్తాను. పాప "మా మేక ఈనింది, రెండు పిల్లలు" అంది. "మా మేక రెండు పిల్లలకు జన్మనిచ్చింది" అని దిద్ది రాస్తే అది పాప మాట కాదు, చదవమంటే చదవలేదు కూడా. ఇంటి మాటను కాగితం మీద చూసిన పిల్లకు రాత మీద నమ్మకం వస్తుంది. పుస్తక భాషకు చాలా టైమ్ ఉంది.

వానలు పడుతున్న రోజుల్లో ఒకనాడు పాప తన పాత కాగితం ఒకటి ఫైల్లోంచి తీసి, ఆ రోజు కాగితం పక్కన పెట్టింది. ఒకదాని కింద "మా మేక ఈనింది" అని, రెండోదాని కింద "నాయినమ్మ మేకను కట్టేసింది" అని ఉంది. మొదటిదాంట్లో ఒకచోట, రెండోదాంట్లో ఒకచోట వేలు పెట్టి "మేడం, ఈడ గూడ మేకనే ఉంది" అంది. రెండు చోట్లా "మేక" అన్న ఆకారం ఒకటేనని తనంతట తనే పట్టుకుంది. రెండోదాంట్లో ఆ మాట చివర "ను" తగిలి ఉంది కూడా. ఏడాది పాటు దిద్దించినా రాని ఎరుక ఇది. రాసిన గుర్తు ఎప్పుడు చూసినా అదే మాట చెబుతుందని తెలిసిన పిల్ల సగం దారి దాటినట్టే.

చేతి పని

చేతిరాత వేళ మధ్యాహ్నం ముందు, పది పదిహేను నిమిషాలు. అంతకు మించితే చేయి అలసిపోతుంది, అలసిన చేయి తప్పుడు పట్టు నేర్చుకుంటుంది.

మొదటి నెలన్నర పెన్సిల్ ముట్టనివ్వలేదు. మా తరగతిలో గోడ కింది భాగానికి పిల్లల ఎత్తులో నల్ల రంగు వేసి ఉంది. దాని మీద నిలబడి సుద్దముక్కతో పెద్ద పెద్ద సుడులు, అలలు గీయించాను. నిలువు గోడ మీద గీస్తే మణికట్టు దానంతటదే సరైన వంపులోకి వస్తుంది, భుజానికి బలం వస్తుంది. సుద్దముక్కలు, క్రేయాన్లు చిన్నగా విరిచి ఇచ్చాను. ముక్క చిన్నదైతే నాలుగు వేళ్లకు చోటు ఉండదు, మూడు వేళ్లతోనే పట్టుకోవాలి. "ఇలా పట్టుకో" అని రోజూ చెప్పాల్సిన పని తప్పింది. మిగతాదంతా చింతగింజలు పేర్చడం, మట్టితో బొమ్మలు చేయడం, తడి గుడ్డ పిండడం. వినాయక చవితికి చెరువు మట్టి తెచ్చి వినాయకుణ్ణి చేయమంటే పాప మేకను చేసి, పక్కన చిన్న వినాయకుణ్ణి పెట్టింది.

ముగ్గు గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఉన్న ఇంత మంచి సాధనాన్ని బడి పట్టించుకోవడం లేదు. ముగ్గుపిండిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో చిటికెడు తీసుకుని సన్నని ధారగా వదలాలి. పెన్సిల్ పట్టుకోవాల్సిన వేళ్లు అవే మూడు. ధార ఆగితే గీత తెగుతుంది, బిగిస్తే పిండి రాదు, వదిలేస్తే కుప్ప పడుతుంది. ఎంత బిగించాలో చేతికి తెలియజెప్పే పాఠం ఇంతకంటే ఇంకేముంది? అందులోనూ మెలికల ముగ్గులో గీత చుక్కల మధ్య నుంచి ఆగకుండా తిరిగి తిరిగి మొదలైన చోటికే వస్తుంది. పాప అలల దగ్గర పెన్సిల్ ఎత్తే అలవాటుకు మందు అదేననిపించింది. బియ్యప్పిండితో బడి వరండాలో నాలుగు చుక్కల మెలికలతో మొదలుపెట్టాం. మగపిల్లలు కూడా వేశారు.

అక్షరాభ్యాసం రోజు బియ్యం పళ్లెంలో వేలితో రాయిస్తాం కదా. ఆ ఒక్క రోజు చేసి వదిలేస్తాం. ఇసుక పళ్లెంలో వేలితో రాయడాన్ని నేను ఏడాది పొడవునా కొనసాగించాను. చెరిపి మళ్లీ రాయొచ్చు కాబట్టి తప్పు అన్న భయం ఉండదు.

అక్షరాల వరస

వర్ణమాల క్రమం నోటికి చాలా మంచిది. చేతికి మాత్రం ఆ క్రమం కష్టం. ఐదేళ్ల చేతికి మొట్టమొదటే "అ", మూడోదిగా "ఇ" ఇస్తున్నాం, అవి ఎన్ని మెలికలు తిరుగుతాయో ఒకసారి రాసి చూడండి. నేను ఆకారాన్ని బట్టి కుటుంబాలుగా నేర్పుతాను. సున్న నుంచి "ర", ర లోపల చుక్క పెడితే "ఠ". "ద" నుంచి "డ", "ధ". "వ" నుంచి "ప", "మ". తలకట్టును ఒక ప్రత్యేక గీతగా ముందే నేర్పేస్తాను, దాన్ని ఏ హల్లుకు పెట్టాలో, "ట", "ల", "బ", "జ", "ణ" లాంటి వాటికి ఎందుకు పెట్టకూడదో పిల్లలు తామే వేరుచేసి చెబుతారు. తలకట్టు విడిగా తెలిస్తే తర్వాత గుణింతం తేలిక, ఎందుకంటే గుడి, ఏత్వం వచ్చి కూర్చునేది ఆ చోట్లోనే.

చుక్కలు మాత్రం ఎక్కడా వాడలేదు. నేను బోర్డు మీద రాస్తాను, చేయి ఎటు తిరుగుతోందో పలుకుతూ రాస్తాను. పిల్లలు గాలిలో, ఇసుకలో, గోడ మీద రాస్తారు. తర్వాత నేను బోర్డు తుడిచేస్తాను. అప్పుడు గుర్తు తెచ్చుకుని రాయాలి. ఆ గుర్తు తెచ్చుకోవడంలోనే నేర్చుకోవడం జరుగుతుంది. 2012లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో కారిన్ జేమ్స్ అనే పరిశోధకురాలు ఇంకా చదవడం రాని చిన్నపిల్లలతో ఒక పని చేసింది. అక్షరాలను కొందరితో చూసి సొంతంగా రాయించి, కొందరితో గీతల మీద దిద్దించి, కొందరితో టైప్ చేయించి, తర్వాత మెదడు స్కాన్ చేసి చూసింది. చదివేటప్పుడు పనిచేసే మెదడు భాగాలు సొంతంగా రాసిన అక్షరాలకే బలంగా స్పందించాయి. సొంతంగా రాసిన అక్షరం వంకరగా వస్తుంది, ప్రతిసారీ కొంచెం వేరుగా వస్తుంది. అక్షరంలో ఏది ముఖ్యమో, ఏది మారినా ఫరవాలేదో పిల్లకు ఆ వంకర్ల వల్లే తెలుస్తుంది. ఎల్‌కేజీ నోటుబుక్కు చూసినప్పటి నుంచి నాకున్న అనుమానానికి ఈ ఫలితం సరిగ్గా సరిపోయింది.

నాయినమ్మ వచ్చిన రోజు

దసరా సెలవులకు ముందు పాప నాయినమ్మ బడికి వచ్చింది. కోపంగా ఉంది. "ముందటి బడిల నోటుబుక్కు నిండ రాసేది మేడం. ఈడికొచ్చినంక బొమ్మలే గీస్తుంది. అక్షరాలు ఎప్పుడు నేర్పుతరు?"

ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. నిండిన నోటుబుక్కు కంటికి కనిపించే చదువు. నేను పాపను పిలిచి ఇసుక పళ్లెం ముందు పెట్టాను. చుక్కలు లేకుండా ర, ఠ, ద, డ, వ, ప, మ రాసింది. "ప" దగ్గర తడబడి "వ" లాగా మూసేసి, తనే చెరిపి తెరిచింది. తర్వాత ఫైల్ తెరిచి తన బొమ్మల కింది వాక్యాలు నాయినమ్మకు చదివి వినిపించింది. కొన్ని నిజంగా చదివింది, కొన్ని గుర్తుతో చెప్పింది. ఆమె మేకల సంగతులన్నీ అందులో ఉన్నాయి, ఆమె ఎవరిని తిట్టిందో కూడా ఉంది.

"అవ్వా, మీరు రోజూ వాకిట్లో ముగ్గు వేస్తారు కదా, పక్కన పాపకు ఇంత పిండి ఇవ్వండి. మెలికల ముగ్గు నేర్పండి. నాకు మీ నుంచి అదే కావాలి" అన్నాను. ఆమెకు చదువు రాదు. మనవరాలి చదువులో తన చేతికి ఒక పని ఉందని ఎవరూ అంతవరకు చెప్పినట్టు లేదు. సంక్రాంతి నాటికి పాప ఆమె కంటే చిన్న చుక్కలతో ముగ్గు వేస్తోందని ఆమే చెప్పింది.

రాత మొదలైంది

బతుకమ్మ సెలవుల తర్వాత పాప గీసిన బొమ్మలో వలయం లోపల వలయం, పైన గుండ్రటి గౌరమ్మ. సుడులు తెగకుండా వచ్చాయి. కొద్ది రోజులకు మేక బొమ్మ కింద, నేను అడగకుండానే, "మక" అని రాసి నాకు "మేక" అని చదివి వినిపించింది.

ఈ చోట ఏం చేయాలన్నది చాలామంది టీచర్లు నన్ను అడుగుతారు. ఏత్వం మరిచిందని ఎర్ర ఇంకు పెట్టొద్దు. పాప మాటను విని, అందులోంచి రెండు శబ్దాలు వేరుచేసి, రెండిటికీ సరైన హల్లులు వెతికి, వరస తప్పకుండా పెట్టింది. అచ్చు గుర్తు ఇంకా వినిపించలేదు, అంతే. నేను "మేక అని నాకు తెలిసిపోయింది" అని చెప్పి, ఎప్పటిలాగే నా వాక్యాన్ని నా వంతుగా కింద రాశాను. అందులో "మేక" సరిగా ఉంది. పాప రెండిటినీ చూసింది, ఏమీ అనలేదు. ఆ తర్వాత "మక తనద" అని రాసి "మేక తిన్నది" అని చదివింది. గుణింతం నేర్పాల్సిన టైమ్ వచ్చిందని నాకు ఆ కాగితమే చెప్పింది. చేతిరాత వేళలో ఏత్వం, గుడి మొదలుపెట్టాను. తలకట్టు తీసి ఆ చోట ఏత్వం పెట్టడం పాపకు ఒక ఆటలా నచ్చింది. ఒకరోజు తన పాత "మక" కాగితం తీసి, మ నెత్తిన తలకట్టు గీకేసి ఏత్వం పెట్టుకుంది.

సంక్రాంతి తర్వాత బొమ్మ చిన్నదై, రాత పెరిగింది. కాగితం కింద సగం ఖాళీ వదిలి పైన గీయడం తనే మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో తన అంతట తను రాసిన ఒక కాగితం ఉంది: "మేక పిల్ల పోయింది. నాయినమ్మ ఏడిసింది. నేను గూడ." పాప కాగితం మీద మాత్రం ల ఒత్తు సగమే ఉంది, న దీర్ఘం లేదు, "ఏడిసింది" ఇంటి మాట. ఆ రోజు నేను దాని మీద ఏమీ దిద్దలేదు, పాపను దగ్గర కూర్చోబెట్టుకుని మేక పిల్ల సంగతి అడిగాను. బొమ్మలో పెద్ద గుండ్రం పక్కన చిన్న గుండ్రం ఉంది, చిన్నదానికి కాళ్లు లేవు.

తోటి టీచర్లకు

మా పిల్లలకు కొలమానాలు ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు, అదే పని కోసం 2022లో మన తెలంగాణలో మొదలైన తొలిమెట్టు. అక్షరాలు, పదాలు గుర్తిస్తున్నారా అని చూడటం అవసరమే, నేనూ చూస్తాను. కానీ జూన్, జులైలో ఆ కొలమానాలు నింపే పట్టికలో పాప పేరుకు ఎదురుగా ఏమీ లేదు, అదే నెలల్లో ఫైల్‌లో బోలెడు ఉంది. పట్టిక చూసి టెన్షన్ పడి చుక్కల నోటుబుక్కుకు తిరిగి వెళ్లిపోయే టీచర్లను చూశాను. పట్టిక పక్కన బొమ్మల ఫైల్ పెట్టుకుంటే ఆ టెన్షన్ తగ్గుతుంది. పై అధికారికి చూపించడానికీ అది పనికొస్తుంది.

అన్ని కేసులూ ఇలాగే నడవవు. ఐదేళ్లు దాటినా వృత్తం గీయలేకపోవడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, కాసేపు గీస్తేనే చేయి నొప్పి అనడం, రెండు చేతులూ కలిసి పనిచేయకపోవడం కనిపిస్తే ముగ్గు, మట్టి మాత్రమే చాలవు. అలాంటి పిల్లల్ని డాక్టర్‌కు, వీలైతే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు, అంటే రాత, బొత్తాలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే నిపుణులకు, చూపించాలి. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లను మాత్రం దయచేసి కుడికి మార్చకండి. కాగితాన్ని కొంచెం కుడివైపు వాల్చి పెట్టండి, చాలు.

ఏప్రిల్‌లో ఫైల్‌ను రెండో తరగతి టీచర్‌కు ఇచ్చాను. పాప ఇప్పుడు మూడు నాలుగు వాక్యాలు సొంతంగా రాస్తుంది. మూడువేళ్ల పట్టు కుదిరింది, బిగింపు తగ్గింది, ఎడమ చేయి కాగితం మీదికి వచ్చింది. ప, వ ఇంకా అప్పుడప్పుడు తారుమారవుతాయి. ఒత్తులు రావు. రాత నెమ్మది, బోర్డు మీద ఉన్నది దించుకోవడంలో తోటివాళ్ల కంటే వెనక ఉంటుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, జులై దాకా వేగం గురించి తొందర పెట్టొద్దని, పొద్దున బొమ్మల వేళ మానొద్దని, ఒత్తులు క, త, ల, మలతో మొదలుపెట్టమని ఫైల్ మొదట్లో పిన్ చేశాను.